బోట్లు ఒడ్డున లేని ఆదివారాలు

శ్రీరామ్మూర్తికి ఏ విషయమైనా సగం తెలిస్తే నిద్ర పట్టదు. అసలు తెలియకపోతే పరవాలేదు, గుర్రుపెట్టి పడుకుంటాడు. సగం తెలిసిందా, ఇక పక్కింటివాళ్ళకీ, ప్లాంటు బస్సులో పక్క సీటువాడికీ మనశ్శాంతి ఉండదు. స్టీలు ప్లాంటు ల్యాబులో శాంపిళ్ళు పరీక్షించే ఉద్యోగం ఆయనది. ఒక శాంపిలు తేడాగా వస్తే చూసీచూడనట్టు సంతకం పెట్టి చేతులు దులుపుకునే రకం కాదు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో కనిపెట్టేదాకా కాఫీకి కూడా లేవడు. ఈ పట్టుదల వల్ల ఆయనకి ప్రమోషన్ రాలేదు గానీ, పేరు మాత్రం బాగానే వచ్చింది.

అలాంటి మనిషిని పప్పన్నం పది నెలలపాటు ముప్పుతిప్పలు పెట్టింది.

సంగతేమిటంటే, 2002 డిసెంబరు నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన ఫిషింగ్ హార్బరు పక్కన, మూతబడ్డ ఒక ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో భోజనాలు పెట్టిస్తున్నాడు. అన్నం, పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ. వంట కంచరపాలెం జోగమ్మది. వడ్డనకి ప్లాంటు స్నేహితులు ఐదారుగురు వచ్చేవారు. వాళ్ళలో ఏ వారమూ ఎగ్గొట్టని మనిషి కృష్ణంరాజు. బియ్యం ఆటోనగర్‌లో లేతు మిషన్ల వర్కుషాపు నడిపే గురునాథరావు ఇచ్చేవాడు. తినడానికి వచ్చేది చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు, బుట్టలు మోసేవాళ్ళు, వలలు బాగుచేసే ముసలివాళ్ళు. ఒక ఆదివారం నూట యాభై విస్తళ్ళు లేచేవి. పై ఆదివారం నలభై. ఆ పైవారం మళ్ళీ నలభై. తరవాత ఉన్నట్టుండి నూట అరవై మంది వచ్చి కూర్చుంటే జోగమ్మ మళ్ళీ ఎసరు పెట్టాల్సి వచ్చేది. ఎందుకలా? ఎవరినడిగినా చెప్పరు.

అసలీ భోజనాలు ఎందుకు మొదలయ్యాయో ముందు చెప్పాలి. శ్రీరామ్మూర్తి భార్య రోజారమణి కిడ్నీ జబ్బుతో నలభై రోజులు ఆసుపత్రిలో ఉండి, 2002 ఫిబ్రవరిలో పోయింది. ఆ నలభై రోజుల్లో ప్రతి ఆదివారం ఎవరో వ్యానులో వచ్చి, రోగుల తాలూకు మనుషులకి పులిహోర పొట్లాలు పంచేవారు. స్టీలు ప్లాంటు ఉద్యోగి అయిన ఈయన కూడా వరసలో నిలబడి చెయ్యి చాచాడు. నువ్వెవరని అడగకుండా పెట్టారు. ఆ పొట్లం రుచి ఆయన మరిచిపోలేదు. ఇక పిల్లలా, లేరు. పెద్దకర్మ అయిపోయాక చుట్టాలు రోజారమణి పేరెత్తడం మానేశారు. ఎత్తితే ఈయన బాధపడతాడని వాళ్ళ ఉద్దేశం. ఎత్తకపోవడమే ఆయన బాధ.

అందుకని షెడ్డులో ఎదురుగోడకి రోజారమణి ఫోటో పెద్దది చేయించి తగిలించాడు. గంధపుచెక్కల దండ, దీపం, అగరొత్తులు. వడ్డన మొదలుపెట్టేముందు తొలి విస్తరి ఆ ఫోటో ముందు వేసి, వండినవన్నీ కొంచెం కొంచెం పెట్టి, దండం పెట్టేవాడు. అప్పుడు పంక్తికేసి తిరిగి, “ఈరోజు భోజనం మా ఆవిడ రోజారమణి పేరున” అని చెప్పి గరిటె పట్టేవాడు. మాడుగుల దగ్గర ఆయన సొంతూళ్ళో అదే పద్ధతి. పోయినవాళ్ళ పేరు చెప్పి పెడితే ఊరంతా వచ్చి తిని, ఆ మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలని పైకే అని వెళ్తారు. ఎంతమంది తింటే అంత మంచిదని వాళ్ళ నమ్మకం. వారానికి ఆ ఒక్క గంట రోజారమణి ఇంకా నలుగురిలో ఉన్నట్టు ఉండేది ఆయనకి. మిగతా వారమంతా ఆ గంట కోసమే గడిపేవాడు.

కాబట్టి నలభైమందే వచ్చిన రోజున ఆయనకి అన్నం మిగిలిందన్న బాధ కన్నా, రోజారమణిని ఎవరో పలకరించకుండా వెళ్ళిపోయినట్టు ఉండేది. మిగిలినదాన్ని ఆటోలో వేసుకుని పోర్టు గేటు దగ్గర లారీలవాళ్ళకి పంచి వచ్చేవారు. అది వేరే సంగతి.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. ఒకేసారి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి, అది ల్యాబు నియమం. మొదట పప్పు మీద అనుమానపడ్డాడు. చింతపండు తగ్గించమన్నాడు. జోగమ్మ గరిటె కింద పెట్టేసింది.

“నా పప్పుకేటొచ్చింది బాబూ? ముప్పైయేళ్ళగ పెళ్ళిళ్ళకి వండతన్నాను. ఒక్కలు నోరెత్తినేదు. నీ కాడికొచ్చి పరీచ్చ రాయాల?”

“కోపం ఒద్దు జోగమ్మా. తెలుసుకుందామనీ.”

“తెలుసుకో. నాను మజ్జిగ కలుపుకుంతాను.”

పప్పు నేరం కాదని తేలింది. టైము మార్చాడు, పన్నెండింటికి బదులు ఒంటిగంట. తేడా లేదు. చాపలు మార్చాడు. కృష్ణంరాజు తన సిద్ధాంతం తను చెప్పాడు.

“నీకు బుర్రుందా బావా? సేపల రేవుల కూసుని, ఆదివారం పూట పప్పూ సారూ పెడతావా? ఆల్లు నోరు సప్పబడిపోయి రాటంనేదు. గుడ్డెట్టి సూడు.”

సరే, మనిషికో ఉడికించిన గుడ్డు పెట్టించాడు. ఆ వారం ముప్పై ఎనిమిది మంది వచ్చారు. కృష్ణంరాజు ఇంటికి పట్టుకెళ్ళిన గుడ్లతో వాళ్ళావిడ మూడు రోజులు కూర వండింది. సిద్ధాంతం సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

పోనీ అడిగి తెలుసుకుందామంటే, ఆడవాళ్ళ దగ్గర జవాబులు రెడీగా ఉండేవి. “ఆకలి నేదు బాబూ.” “ఇంటికాడ వండీసినాను.” “ఈయేళ ఒక్కపొద్దు.” ఒకే ఆదివారం వందమందికి ఒక్కపొద్దు ఎలా కుదిరిందో శ్రీరామ్మూర్తికి అంతుపట్టలేదు. అబద్ధమని తెలుస్తూనే ఉంది. కానీ ఎంత మర్యాదగా చెప్పేవారంటే, గట్టిగా అడగడానికి నోరొచ్చేది కాదు.

ఏప్రిల్, మే నెలల్లో చేపల వేట నిషేధం రోజులొచ్చాయి. బోట్లన్నీ రేవులో కట్టేశారు. జనం షెడ్డులో పట్టలేదు. రెండేసి పంక్తులు పెట్టినా చాల్లేదు. శ్రీరామ్మూర్తి గట్టెక్కినంత సంతోషపడ్డాడు. పనిలేదు, చేతిలో డబ్బాడదు, అందుకే వస్తున్నారు అని రాసుకున్నాడు. జూన్‌లో బోట్లు మళ్ళీ వేటకెళ్ళగానే నలభైకి పడిపోయింది.

ఈలోగా గురునాథరావు ఒకరోజు చెప్పకుండా వచ్చి చూశాడు. ఆరోజు సగం గుండిగ అన్నం మిగిలింది. మంచివాడే, కానీ వ్యాపారస్తుడు.

“మూర్తిగారూ, నా బియ్యం ఎవరి ఆకలికీ అందకపోతే నాకు నిద్రపట్టదండీ. అక్టోబరు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే దువ్వాడలో ఒక అనాథాశ్రమం వాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకి పంపేస్తాను. ఏమనుకోకండి.”

ఏమనుకుంటాడు? న్యాయమే. కానీ ఆ బియ్యం లేకపోతే భోజనాలు లేవు. భోజనాలు లేకపోతే ఆదివారం మధ్యాహ్నం ఆ గంట లేదు.

మొదటి సగం జవాబు ఆయనకి స్కూటరు ఆపుకుంటూ దొరికింది. జనం కిటకిటలాడిన రోజుల్లో జెట్టీ దగ్గర బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండి, నీళ్ళు కనబడేవి కావు. జనం లేని రోజుల్లో నీళ్ళు కనిపించేవి. విస్తళ్ళ లెక్క రాసుకునే పుస్తకం తీసి, బోట్లు వచ్చిపోయిన తేదీలు రేవులో అడిగి, రెండూ పోల్చి చూశాడు. ఈ పెద్ద బోట్లు ఒకసారి వెళ్తే పది పదిహేను రోజులకి గానీ తిరిగి రావు. బోట్లు ఒడ్డునుంటే నూట యాభై. నీళ్ళ మీదుంటే నలభై. ఒక్క వారం కూడా తప్పలేదు.

సగం తెలిసింది, నిద్ర ఎగిరిపోయింది. ఎందుకంటే ఇది తిరగబడ్డ లెక్క. బోట్లు లేనప్పుడు చేపలుండవు. చేపల్లేకపోతే ఆడవాళ్ళకి పనుండదు, ఇళ్ళల్లో డబ్బుండదు. అప్పుడే కదా ఎక్కువమంది రావాలి? పైగా వాళ్ళు ఎక్కడికో పోలేదు. షెడ్డుకి ఎదురుగా మెట్ల మీదే కూర్చుని ఉంటారు. పోపు వాసన తగులుతూనే ఉంటుంది. లోపలికి రారు.

అప్పుడు, రానివాళ్ళని వదిలేసి వచ్చేవాళ్ళని చూడటం మొదలెట్టాడు. ఆ నలభైమంది ఎవరు? గురువమ్మ, నూకాలు, సీతాలు. భర్త పోయినవాళ్ళు, కొడుకులు లేనివాళ్ళు, ఆటోలు తోలే కొడుకులున్నవాళ్ళు. గురువమ్మకైతే డెబ్బై ఏళ్ళుంటాయి. ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలే పని ఆవిడది. భర్త ఏనాడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు వీరన్న వేట మానేసి పోర్టులో మూటలు మోస్తున్నాడు. ఏ ఆదివారమూ ఆవిడ మానలేదు. అందరికన్నా ముందొచ్చి మొదటి చాప మీద కూర్చుని, “ఇంకాసింత పప్పెట్టు బాబూ, నీ సొమ్మేం పోయింది” అని దబాయించి మరీ వేయించుకునేది. ఆవిడంటే శ్రీరామ్మూర్తికి ప్రత్యేకమైన ఇష్టం.

సముద్రం మీద తన మనిషంటూ ఎవరూ లేనివాళ్ళే బోట్లు లేని రోజుల్లో వచ్చి తింటున్నారు. అక్కడిదాకా వచ్చి ఆయన బుర్ర ఆగిపోయింది.

అక్టోబరు మొదటి ఆదివారం బోట్లు వేటలో ఉన్నాయి. నలభై విస్తళ్ళు వేశారు. మొదటి చాప మీద గురువమ్మ లేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకుని గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఎదురుగా మెట్ల మీద, మిగతా ఆడవాళ్ళ మధ్య కూర్చుని టీలో బన్ను ముంచుకుని తింటోంది. ఈయన్ని చూడగానే ముఖం తిప్పేసుకుంది. శ్రీరామ్మూర్తి చేతిలో గరిటె కృష్ణంరాజుకిచ్చి, రోడ్డు దాటి వెళ్ళి ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

“ఏటి గురువమ్మా, రానేదు?”

“కడుపుల ఉబ్బరంగుంది బాబూ.”

“బన్ను తింటే తగ్గుద్దా?”

ఆవిడ మిగిలిన బన్నుముక్క టీలో ముంచింది.

“పది నెలల్నుంచి అడుగుతన్నాను. ఒక్కలు సెప్పరు. నీకు దండం పెడతాను తల్లీ, నాను సేసిన తప్పేటో నాకు సెప్పు. దిద్దుకుంతాను,” అన్నాడు శ్రీరామ్మూర్తి.

గురువమ్మ గ్లాసు కింద పెట్టింది. “తప్పు కాదు బాబూ. మా ఈరన్నకి పోర్టుల పని పోనాది. అక్కడ మిసన్లొచ్చీసినాయంట. మొన్న లచ్చివారం బోటెక్కి ఏటకెల్లినాడు.”

“అయితే?”

“మావోలు నీల్ల మీదున్నన్నాళ్ళు సచ్చిపోయినోల్ల పేరెట్టిన కూడు మేం ముట్టం. నువ్వేమో పటానికి దండేసి, ముందాకు ఆయమ్మకేసి, పేరు సెప్పి మరీ పెడతావు. దినం కూడు కాదా అది? బోట్లొచ్చీసినాక పర్లేదు, తింతాం.”

“ముట్టుకుంటే ఏటవుద్ది?”

“నాకేటి తెలుసు బాబూ? ముట్టుకుని సూసినోలు ఎవలూ నేరు.”

“మరి ఇన్నాళ్ళూ ఒక్కలైనా నాకు సెప్పలేదేం?”

గురువమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. “ఎలగ సెప్తాం? ఆయమ్మ నీ పెళ్ళాం. నీ పెళ్ళాం పేరున నువ్వు కన్నీల్లెట్టుకుని పెడతంటే, ఆ కూడు మాకొద్దని నీ మొకం మీద ఎవలనగలరు?”

శ్రీరామ్మూర్తి లేచి వచ్చేశాడు. ఇప్పుడు మొత్తం తెలిసింది. ఆరోజు రాత్రి హాయిగా నిద్రపోవాల్సిన మనిషి, నాలుగు రోజులు కన్ను మూయలేదు.

ముందు కోపం వచ్చింది. రోజారమణిని చూసి భయపడ్డారా? జీవితంలో చీమకి హాని చెయ్యని మనిషి, పెరట్లో పిల్లి ఈనితే పాలు పోసి పెంచిన మనిషి, ఆవిడ పేరు వింటే బోట్లు మునుగుతాయా? ఏ పుస్తకంలో ఉంది? కృష్ణంరాజు ఓదార్చబోయి, “దానికేటుంది బావా, పటం తీసీ. ఇంట్ల పెట్టుకో” అన్నాడు. శ్రీరామ్మూర్తి ఆయన మీద ఎంత గట్టిగా అరిచాడంటే, ప్లాంటు క్యాంటీన్‌లో వాళ్ళందరూ తిరిగి చూశారు. ఇంట్లో పెట్టుకుంటే ఎవరు చూస్తారు? గోడలూ తనూ.

గురువారం రాత్రి ఆయనకి ఆసుపత్రి గుర్తొచ్చింది. వార్డు నుంచి మందుల షాపుకి దగ్గర దారి ఒకటుండేది. అది శవాల గది పక్క నుంచి వెళ్ళేది. నలభై రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా ఆ దారిన వెళ్ళలేదు. వానలోనైనా, అర్జంటు ఇంజెక్షన్ కోసమైనా, బిల్డింగు చుట్టూ తిరిగి పరిగెత్తేవాడు. ఎవరూ చెప్పలేదు అలా వెళ్ళొద్దని. వెళ్తే ఏమవుతుందని ఏ ల్యాబులో పరీక్ష చేశాడు? మన మనిషి ఇంకా అటో ఇటో తేలని చోట ఉన్నప్పుడు ఎవరూ పరీక్షలు చెయ్యరు. ఆ మాట తనకి తనే పైకి చెప్పుకుని, మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తెల్లవారుజామున కాస్త నిద్రపట్టింది.

ఆదివారం పొద్దున్నే షెడ్డుకెళ్ళి ఫోటో దింపాడు. దండ, దీపం, అగరొత్తుల స్టాండు సంచిలో పెట్టుకున్నాడు. తొలి విస్తరి వెయ్యలేదు. గోడ బోసిగా ఉంది. జోగమ్మ చూసి, ఆయనకి ఒక గ్లాసు మజ్జిగ తెచ్చిచ్చింది.

బోట్లు ఇంకా రాలేదు. మెట్ల మీద ఆడవాళ్ళు అలాగే కూర్చుని ఉన్నారు. ముందు గురువమ్మ లేచి రోడ్డు దాటి వచ్చి, గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసింది. గోడ చూసింది. ఆయన్ని చూసింది.

“ఈయేళ బోజనం ఎవల పేరున బాబూ?”

అందరూ వినాలని గట్టిగానే అడిగింది. రోజారమణి పోయిన ఈ ఇరవై నెలల్లో శ్రీరామ్మూర్తి ఎన్నో కష్టమైన మాటలు చెప్పాడు గానీ, ఇంత కష్టమైనది ఒకటీ లేదు.

“ఎవరి పేరునా కాదు,” అన్నాడు. “ఆకలేసినోళ్ళ కోసం.”

ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. మెట్లు ఖాళీ అయ్యాయి. నూట ముప్పైమందికి పైగా కూర్చున్నారు. పప్పు సరిపోలేదు. చివరి పంక్తికి చారుతోనే సరిపెట్టారు. గురువమ్మ విస్తరి తీస్తూ ఆయన దగ్గర ఆగి, గొంతు తగ్గించి, “బోట్లు ఒడ్డుకు రానీ బాబూ. అప్పుడు సెప్పు ఆయమ్మ గురించి. ఇన్నాళ్ళూ పటమే సూసేం. మనిసెలాటిదో మాకు తెల్దు” అంది.

పై ఆదివారానికి వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. కొన్ని బోట్లు తిరిగొచ్చాయి, వీరన్న ఎక్కిన బోటు రాలేదు. షెడ్డు నిండా జనం ఉన్నారు, మాటల్లేవు. గురునాథరావు చెప్పినట్టే వచ్చి, నిండిన పంక్తుల్ని చూశాడు, ఖాళీ గోడని చూశాడు. సంగతి విన్నాక బియ్యం మాట ఎత్తలేదు. వాళ్ళమ్మ ఫోటో కూడా ఇక్కడ పెట్టించాలని ఆయనకి మనసులో ఉండేదట. అదీ ఎత్తలేదు. చేతులు కడుక్కుని మజ్జిగ వడ్డించి వెళ్ళాడు. శ్రీరామ్మూర్తి గురువమ్మకి పప్పు వేస్తూ వేస్తూ కిటికీలోంచి సముద్రం కేసి చూశాడు. ఆవిడ తన విస్తరి కేసి చూస్తూ తింది. ఎక్కువ పప్పు అడగలేదు.

బుధవారం సాయంత్రం ఆ బోటు వచ్చింది. గాలికి కళింగపట్నం వైపు కొట్టుకుపోయి, అక్కడ ఆగి వచ్చారట. కృష్ణంరాజు ఫోను చేసి చెబితే, శ్రీరామ్మూర్తి ల్యాబులో కుర్చీలోంచి లేచి నిలబడి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో ఆయనకే తెలియదు.

ఆ ఆదివారం రేవు నిండా బోట్లు. భోజనాలయ్యాయి, మజ్జిగా అయింది. ఎప్పుడూ తినగానే విస్తరి మడిచి లేచిపోయే జనం లేవలేదు. శ్రీరామ్మూర్తి ఇంకా ఏమైనా కావాలేమోనని గరిటె పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. మొదటి చాప మీంచి గురువమ్మ ఆయన పంచె కొంగు పట్టుకుని లాగింది.

“కూకో బాబూ. ఇప్పుడు సెప్పు. ఆయమ్మ ఎలాటిది?”

ఆయన కింద కూర్చున్నాడు. రోజారమణి మంచిదనీ దేవతనీ చెప్పబోయాడు. అందరూ చెప్పే మాటే కదా. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“కోపిష్టి. సేపల వాసన అసలు గిట్టదు. నాను ఈ రేవులో అడుగెట్టి ఇంటికెల్తే, గుమ్మం అవతలే నిలబెట్టి, బకెట్టుతో నీళ్ళు కుమ్మరించీది.”

షెడ్డంతా గొల్లున నవ్వింది. వెనక పంక్తిలోంచి నూకాలు నవ్వాపుకోలేక, “తిట్టీదా బాబూ? ఏమని తిట్టీది?” అని అరిచింది.

రోజారమణి పోయాక ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. శ్రీరామ్మూర్తి నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఆవిడ ఏమని తిట్టేదో ఆవిడ గొంతుతోనే చెప్పాడు.